ఓం, ద, బూమ్: పడమటి ఆధునిక నవల చెవిన పడిన తూర్పు

జేమ్స్ జాయిస్ కథ 'ఆరబీ'లో ఒక డబ్లిన్ కుర్రాడున్నాడు. కథంతా వాడే చెబుతాడు, పేరు మాత్రం చెప్పడు. ఎదురింటి స్నేహితుడి అక్క మీద వాడికి పైకి చెప్పుకోలేని ఇష్టం. ఊళ్లో 'ఆరబీ' అనే బజారు పెడుతున్నారనీ, తనకు వెళ్లడం కుదరదనీ ఆ అమ్మాయి అంటుంది. నేను వెళ్తే నీకేదైనా తెస్తానంటాడు వీడు. ఇక చదువు తలకెక్కదు. ఆ పేరులోని అక్షరాలే చెవిలో మోగుతుంటాయి, తూర్పు దేశాల మాయేదో కమ్ముకొస్తుంది. ఆ రోజు ఇంటిపెద్ద ఆలస్యంగా వచ్చి చేతిలో డబ్బు పెట్టేసరికి రాత్రవుతుంది. రైలెక్కి బజారు చేరేసరికి పది కావడానికి పది నిమిషాలు. కొట్లు చాలావరకు కట్టేశారు. తెరిచి ఉన్న ఒక కొట్టు ముందు రెండు పెద్ద జాడీలు తూర్పు దేశపు కాపలావాళ్లలా నిలబడి ఉంటాయి. అమ్మే అమ్మాయి ఇద్దరు కుర్రాళ్లతో కబుర్లాడుతోంది. ఆ కుర్రాళ్ల యాస ఇంగ్లండ్ యాస. కాసేపటికి పైన దీపాలారిపోతాయి.

ఆ బజారు కల్పన కాదు. 1894 మేలో డబ్లిన్‌లో నిజంగానే జరిగింది. కథ 1914లో 'డబ్లినర్స్' సంపుటంలో అచ్చయింది. పడమటి ఆధునికతావాద రచయితలు తూర్పును ఎలా పట్టుకున్నారన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ముందు ఈ కుర్రాడే గుర్తొస్తాడు. వాడికి తెలిసింది ఒక దేశం కాదు, ఒక శబ్దం. ఆ శబ్దంలో వాడు విన్నది తన ఆశనే.

విచిత్రం ఏమిటంటే, తర్వాత పదేళ్లలోనే మూడు పెద్ద రచనలు తమ బరువంతా ఒక్కొక్క అక్షరం మీద మోపి నిలబడ్డాయి. 1922లో హెర్మన్ హెస్సే 'సిద్ధార్థ' ఓంకారం మీద. అదే ఏడు టి.ఎస్. ఎలియట్ 'ది వేస్ట్ ల్యాండ్' ఉరుము పలికిన 'ద' మీద. 1924లో ఇ.ఎం. ఫోర్‌స్టర్ 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' గుహలో మోగిన 'బూమ్' మీద. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి వింటే, తూర్పు గురించి పడమటి వాళ్లకు ఏం తెలుసు అన్న ప్రశ్న కన్నా, వాళ్లకు అప్పుడు ఏం లోటయింది అన్న ప్రశ్నకు జవాబు బాగా దొరుకుతుంది.

ఇక్కడ ఆధునికతావాదం అంటే కేవలం కొత్తగా రాయడం అని కాదు. దాదాపు 1890 నుంచి 1940 దాకా యూరప్ సాహిత్యంలో ఒక నమ్మకం సడలుతూ వచ్చింది. అన్నీ తెలిసిన కథకుడు, మొదలూ చివరా ఉన్న కథ, మంచికి మంచే జరుగుతుందన్న భరోసా ఒక్కొక్కటే జారిపోయాయి. 1914-18 యుద్ధం మిగిలిన కాస్తా ఊడ్చేసింది. నాగరికత నేర్పడానికి వచ్చామని ఇన్నాళ్లూ ఆసియాకు చెప్పినవాళ్లు తమ ఊళ్ల పక్కనే కందకాలు తవ్వుకుని ఒకర్నొకరు చంపుకున్నారు. అప్పటికి మాక్స్ ముల్లర్ సంపాదకత్వంలో మొదలైన తూర్పు పవిత్ర గ్రంథాల ఇంగ్లీషు అనువాదాలు యాభై సంపుటాలుగా గ్రంథాలయాల్లో ఉన్నాయి. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) లండన్, డబ్లిన్ డ్రాయింగ్ రూముల్లో కర్మ, పునర్జన్మ అనే మాటల్ని వాడుకలోకి తెచ్చింది. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని అడయారులో ఆ సమాజం వాళ్లే గుర్తించి, రాబోయే జగద్గురువని ప్రచారం చేశారు. 1929లో ఆయనే ఆ పీఠాన్ని రద్దు చేసుకుని బయటికొచ్చారు. జాయిస్ 'యులిసిస్'లో మోలీ ఒక పుస్తకంలో కనబడిన పునర్జన్మ అనే పెద్ద గ్రీకు మాటకు అర్థం అడుగుతుంది, భర్త బ్లూమ్ పక్క మీద అల్పాహారం పెట్టి చెబుతాడు. అంత మామూలుగా ఇంట్లోకి వచ్చేశాయి ఆ ఆలోచనలు.

హెస్సేకు మాత్రం ఇవి ఇంట్లోకి రావలసిన అవసరం లేదు, ఇంట్లోనే పుట్టాయి. తల్లి తండ్రి హెర్మన్ గుండర్ట్ తలశ్శేరిలో మిషనరీ. 1872లో వచ్చిన మలయాళం-ఇంగ్లీషు నిఘంటువు ఆయనదే. హెస్సే తల్లి పుట్టిందీ తలశ్శేరిలోనే. అలాంటి ఇంట పెరిగిన మనిషి 1911లో తూర్పు ప్రయాణం కట్టి సింహళం (ఇప్పటి శ్రీలంక), సుమత్రా చూసి, అసలు భారతదేశంలో అడుగు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. 'సిద్ధార్థ' మొదటి భాగం రాశాక ఏడాదికి పైగా కలం కదల్లేదు. వెతుకులాట రాయడం తెలుసు, దొరకడం ఎలా రాయాలో తెలియలేదు.

మనం ఆ నవల చదివితే ముందు పేర్లు తగులుతాయి. సిద్ధార్థుడు బుద్ధుడు కాదు, బుద్ధుడి కాలంలో ఉన్న ఇంకో బ్రాహ్మణ కుర్రాడు. స్నేహితుడు గోవిందుడు. పడవ నడిపే ముసలాయన వాసుదేవుడు. డబ్బు సంపాదించడం నేర్పే వర్తకుడు కామస్వామి. ఇద్దరు కృష్ణుల మధ్య ఒక సిద్ధార్థుణ్ణి పెట్టడం జర్మన్ పాఠకుడికి పట్టకపోవచ్చు, మనకు పట్టకుండా ఉండదు. నవలకు ఇరుసు అయిన సన్నివేశం జేతవనంలో జరుగుతుంది. సిద్ధార్థుడు బుద్ధుడికి ఎదురుగా నిలబడి, మీ బోధలో లోపం లేదు, కానీ జ్ఞానం కలిగిన ఆ ఘడియలో మీకేం జరిగిందో ఆ బోధలో లేదు, అది ఎవరికి వారే పొందాలి అంటాడు. బుద్ధుడు చిరునవ్వుతో, తెలివి మరీ ఎక్కువ కాకుండా చూసుకో అని హెచ్చరించి పంపేస్తాడు. గోవిందుడు సంఘంలో చేరతాడు, సిద్ధార్థుడు చేరడు.

త్రిశరణాల్లో బుద్ధుణ్ణి ఉంచుకుని ధర్మాన్నీ సంఘాన్నీ వదిలేస్తే మిగిలేది ఏమిటి? ఎవరి హృదయంలో వాళ్లు ఒంటరిగా దేవుణ్ణి వెతుక్కోవడం. ఇది హెస్సే పుట్టిన, లోపలి భక్తికే పెద్దపీట వేసే పైటిస్టు క్రైస్తవ ఇళ్లలో తరతరాలుగా ఉన్న తపన. తర్వాత అన్నిటితో విసిగి నదిలో దూకబోతుంటే లోపలి నుంచి ఓంకారం వినిపించి ఆగిపోతాడు సిద్ధార్థుడు. చివర్లో నది పలికే వేల గొంతులన్నీ కలిసి ఆ ఒక్క మాటే అవుతాయి. ఆ పేజీలు నిజంగా అందమైనవి, కాదనను. కానీ ఆ నది ఒడ్డున వరి నాట్లు లేవు, పన్ను వసూళ్లు లేవు, పడవ దాటే జనానికి మొహాలు లేవు. ఆ ఓంకారం ఒక మనిషి తన ఒంటరితనాన్ని ఓదార్చుకున్న శబ్దం.

ఎలియట్‌ది నవల కాదు, కావ్యం. అయినా ఇక్కడ వదిలి ముందుకెళ్లలేను, ఎందుకంటే అతను ఎత్తుకున్న కథలోనే ఈ మొత్తం వ్యవహారానికి తాళంచెవి ఉంది. హార్వర్డ్‌లో రెండేళ్లు సంస్కృతం చదివాడు, ఇంకో ఏడాది పతంజలితో కుస్తీ పట్టాడు. కావ్యం చివర ఉరుము పలికే ఆ 'ద' కథ బృహదారణ్యక ఉపనిషత్తు అయిదో అధ్యాయంలోది. దేవతలు, మనుషులు, అసురులు ముగ్గురూ ప్రజాపతి బిడ్డలే. ఆయన దగ్గర బ్రహ్మచర్యం పూర్తిచేసి ఉపదేశం అడిగారు. ఆయన దేవతలకు 'ద' అని మాత్రం అన్నాడు. అర్థమైందా అని అడిగితే, అయింది, దామ్యత, ఇంద్రియాల్ని అణచుకోమన్నారు అన్నారు వాళ్లు. మనుషులకూ అదే 'ద'. దత్త, ఇమ్మన్నారు అన్నారు. అసురులకూ అదే. దయధ్వం, దయ చూపమన్నారు అన్నారు. ముగ్గురికీ ప్రజాపతి ఇచ్చిన జవాబు ఒకటే: ఓమ్, మీకు అర్థమైంది. అక్కడ ఓమ్ అంటే మంత్రం కాదు. అవును అని, అంతే.

భోగాల్లో మునిగే దేవతలకు నిగ్రహం వినిపించింది, కూడబెట్టే మనుషులకు దానం, హింసించే అసురులకు దయ. ఎవరిలో ఏది కొరవడిందో వాళ్లకది వినబడింది. ఎలియట్ ఉపనిషత్తు వరస మార్చి దత్తను ముందు పెట్టాడు. మనుషులకు చెప్పిన మాటను మనుషుల కావ్యంలో ముందుకు తెచ్చాడనుకుంటాను. యుద్ధం తర్వాత యూరప్‌కు తూర్పు ఎందుకు అలా వినిపించిందో ఈ కథకన్నా సూటిగా చెప్పే విమర్శ నేను చదవలేదు. అయితే ప్రజాపతి అవునన్నాడు కదా అని మనమూ అందరికీ అవునని ఊరుకోలేం. ప్రజాపతి ఒక అక్షరం పలికాడు. తూర్పున ఉన్నవాళ్లు అక్షరాలు కాదు, మనుషులు. శబ్దం విని ఆగిపోయారా, పలికిందెవరని తిరిగి చూశారా అన్నది రచయిత రచయితకూ అడగాల్సిన ప్రశ్న.

తిరిగి చూసినవాళ్లలో నేను ముందు చెప్పేది లియొనార్డ్ వుల్ఫ్ పేరు. వర్జీనియా వుల్ఫ్ భర్తగా తప్ప మనవాళ్లకు పెద్దగా తెలియదు. వర్జీనియా నవల 'టు ది లైట్‌హౌస్'లో చిత్రకారిణి లిలీ బ్రిస్కోకు 'చైనా కళ్లు' ఉంటాయి. ఆ కళ్లతో ఆమెకు పెళ్లి కాదనుకుంటుంది మిసెస్ రామ్‌సే. ఇంట్లో అందరికన్నా వేరుగా చూసే మనిషి అని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలింది అక్కడ. చైనాకు ఆ నవలలో అంతకుమించి పని లేదు. లియొనార్డ్ అలా కాదు. 1904 నుంచి 1911 దాకా సింహళంలో వలస ప్రభుత్వ ఉద్యోగి, చివరి మూడేళ్లు దక్షిణాన హంబన్‌తోటలో. 1913లో 'ది విలేజ్ ఇన్ ది జంగిల్' రాశాడు. అందులో ఓంకారాలు, మోక్షాలు లేవు. అడవి నరికి, కాల్చి, విత్తు చల్లుకునే పోడు వ్యవసాయం ఉంది. పోడు కొట్టుకోవడానికి అనుమతి ఎవరికి రావాలో తేల్చే ఊరి పెద్ద ఉన్నాడు, పంట రాకముందే పంటను మింగే వడ్డీ వ్యాపారి ఉన్నాడు. సిలిందు అనే వేటగాణ్ణీ అతని కవల కూతుళ్లనూ వీళ్లు ఎలా మూలకు నెట్టారో, చివరికి తుపాకి పట్టుకుని వెళ్లి ఆ ఊరి పెద్దనూ వడ్డీ వ్యాపారినీ అతను ఎలా చంపాడో కథ. తెల్లవాడు అందులో దాదాపు కనబడడు. కనబడేది కోర్టులో, న్యాయాధికారి కుర్చీలో. చెప్పిన సాక్ష్యం అబద్ధమేమో అనిపించినా, దాన్ని దాటి చూసే దారి ఆ కుర్చీలో కూర్చున్నవాడికి లేదు. తాను కూర్చున్న కుర్చీ గురించే రాశాడు లియొనార్డ్. పుస్తకం అచ్చయ్యేలోపే ఉద్యోగం వదిలేశాడు. ఆదిలాబాద్ పోడు కేసులు ఎరిగినవాళ్లెవరైనా ఆ పుస్తకం తెరిస్తే అందులో కొత్త దేశం కనబడదు. శ్రీలంకలో దాన్ని తమ సాహిత్యంగానే చదువుకుంటారు. 1980లో లెస్టర్ జేమ్స్ పెరీస్ సింహళ భాషలో సినిమాగా తీశారు.

ఫోర్‌స్టర్ హెస్సేకూ లియొనార్డ్‌కూ మధ్య ఉంటాడు. అందుకే అతని దగ్గర ఎక్కువసేపు కూర్చోవాలనిపిస్తుంది.

అతనికి భారతదేశం ఒక స్నేహితుడి రూపంలో ఎదురైంది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు సయ్యద్ రాస్ మసూద్‌కు 1906లో ఇంగ్లండ్‌లో లాటిన్ చెప్పడానికి కుదిరాడు ఫోర్‌స్టర్. పాఠాలకన్నా స్నేహం ముదిరింది. 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' అంకితం మసూద్‌కే, పదిహేడేళ్ల స్నేహానికి గుర్తుగా. ఈ మసూద్ 1916 నుంచి 1928 దాకా నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టడంలో ఆయన చెయ్యి పెద్దది. 1921లో రెండోసారి వచ్చినప్పుడు ఫోర్‌స్టర్ హైదరాబాద్ వెళ్లి ఆయన దగ్గర గడిపాడు. తెలుగులో చైతన్య స్రవంతి నవల అనగానే తలుచుకునే నవీన్ 'అంపశయ్య' జరిగేది ఆ విశ్వవిద్యాలయంలోనే, రవి అనే విద్యార్థి ఒక్క రోజులో. ఎక్కడి తీగ ఎక్కడ అల్లుకుందో చూస్తే ముచ్చటేస్తుంది.

ఫోర్‌స్టర్ నవల మొదటి భాగంలో ఫీల్డింగ్ అనే ఇంగ్లీషు ప్రిన్సిపాల్ ఇంట టీ పార్టీ జరుగుతుంది. అందరూ లేచి వెళ్లబోతుంటే అదే కాలేజీలో పనిచేసే బ్రాహ్మణుడు ప్రొఫెసర్ గోడ్బోలే ఒక పాట అందుకుంటాడు. ఇంగ్లీషు చెవులకు స్వరం చిక్కదు, తాళం చిక్కదు. చెరువులో సింగాడా కాయలు ఏరుతున్న ఒక మనిషి మాత్రం ఒంటిమీద బట్ట లేకుండా నీళ్లలోంచి లేచి, ఆనందంతో నోరు తెరిచి వింటాడు. పాట అయ్యాక గోడ్బోలే అర్థం చెబుతాడు. నేను గోపికను. నా ఒక్కదాని దగ్గరికి రమ్మంటాను, దేవుడు రాడు. సరే, నా చెలికత్తెలు వందమందికి వందగా అయి రా, నా దగ్గరికీ ఒక రూపంతో రా అంటాను, అయినా రాడు. ఇంకో పాటలోనైనా వస్తాడుగా అని, కొడుకును చూడ్డానికి ఇంగ్లండ్ నుంచి వచ్చిన ముసలావిడ మిసెస్ మూర్ మెల్లిగా అడుగుతుంది. లేదు, రాడు అంటాడు ఆయన.

నేను ఈ పేజీలు మొదటిసారి ఇంగ్లీషు పాఠంగా చదివాను. గోడ్బోలే అంటే అంతుపట్టని తూర్పు అని రాసుకొమ్మన్నారు, రాసుకున్నాను. చాలా ఏళ్లకు క్షేత్రయ్య పదాలు మనసుపెట్టి వింటున్నప్పుడు ఈ పాట మళ్లీ గుర్తొచ్చింది. మువ్వగోపాలుడు రాని రాత్రుళ్లే కదా ఆ పదాల్లో సగం. విరహోత్కంఠిత అని ఆ నాయికకు పేరే ఉంది మనకు. రాకపోవడం భక్తికి అడ్డం కాదు, దాని ఊపిరే అది. ఇందులో అంతుపట్టనిది ఏముంది? ఫోర్‌స్టర్ ఆ ఊపిరిని పట్టుకున్నాడు. వివరించలేకపోయాడు, వివరించినట్టు నటించనూ లేదు. అర్థమైన మనిషిగా చెరువులోని సింగాడా కాయల మనిషిని చూపించి పక్కకు తప్పుకున్నాడు. ఆ తప్పుకోవడమే నాకు ఆ నవలలో అన్నిటికన్నా నచ్చిన పని.

రెండో భాగం గుహలది. నవలలో అవి మరబార్ గుహలు. ఫోర్‌స్టర్ 1913 జనవరిలో గయకు దగ్గరున్న బరాబర్ గుహలు చూశాడు, ఇవి వాటి నీడలే. గండ్రాయిని తొలిచి, లోపల గోడల్ని అద్దంలా నునుపు చేశారు. అగ్గిపుల్ల గీస్తే రాతిలోంచి ఇంకో మంట ఎదురొస్తుంది, రెండూ కలవలేవు. ఏం పలికినా, ప్రార్థన అయినా చీదడం అయినా, తిరిగొచ్చేది ఒకటే: బూమ్. ఆ శబ్దం మిసెస్ మూర్ లోపల ఏదో విరిచేస్తుంది. దయ, భక్తి, ధైర్యం అన్నీ ఉన్నాయి, మురికీ ఉంది, అన్నీ ఒకటే, దేనికీ విలువ లేదు అని ఆమెకు వినబడుతుంది. తన క్రైస్తవం ఆ శబ్దం ముందు వాగుడులా చిన్నబోతుంది. ఆమెతో వచ్చిన ఇంగ్లీషు యువతి అడేలా ఒక గుహలోంచి బయటికి పరుగెత్తి, వాళ్లను అక్కడికి తీసుకొచ్చిన భారతీయ ముస్లిం డాక్టర్ అజీజ్ మీద నేరం మోపుతుంది, తర్వాత కోర్టులో వెనక్కి తీసుకుంటుంది. లోపల ఏం జరిగిందో నవల చెప్పదు. చిత్తుప్రతుల్లో మాత్రం ఎవరో ఆమె మీద పడినట్టు రాశాడు ఫోర్‌స్టర్. తర్వాత కొట్టేశాడు. చేతిలో ఉన్న జవాబును తీసి పారేయడం, దాని స్థానంలో ఖాళీని నిలబెట్టడం ఆధునికతావాదం చేసిన పనుల్లో అసలైంది. ఓంకారాన్ని తలపించే ఆ బూమ్‌లో వినిపించేది వేదాంతం కాదు. 1914 తర్వాతి యూరప్ తన గుండెలోని బోలుతనాన్ని బిహార్ రాళ్లలో విన్నది.

మూడో భాగం గుడి. 1921లో దేవాస్ సీనియర్ అనే సంస్థానపు మహారాజా దగ్గర కార్యదర్శిగా ఉన్నప్పుడు ఫోర్‌స్టర్ గోకులాష్టమి ఉత్సవం దగ్గరుండి చూశాడు. నవలలో అది మావు అనే సంస్థానంలో జరుగుతుంది. పాటలు పాడేవాళ్ల తలల మీద వేలాడుతున్న కుండ పగిలి పాలన్నం ముఖాల మీద పడుతుంది. ఒకరి మూతికి ఒకరు పూస్తారు, కింద పడినవాటి కోసం ఒకరి కాళ్ల సందున ఒకరు దూరతారు. ఉట్టి కొట్టే వీధుల్లో పెరిగినవాళ్లకు ఇందులో వింత లేదు. దేవుడంటే గంభీరం అనుకున్న ఇంగ్లీషు పాఠకుడికి మాత్రం దేవుడూ అల్లరీ ఒకే చోట ఉండడం ఒక దెబ్బ. ఆ గోలలో చిడతలు వాయిస్తూ ఆడుతున్న గోడ్బోలేకు ఎప్పుడో చూసిన ఒక ముసలమ్మ, మిసెస్ మూర్, ఊరకే గుర్తుకొస్తుంది. ఆమెను ప్రేమతో ఆ ఆనందంలోకి తీసుకొస్తాడు. తర్వాత ఒక కందిరీగ, ఎక్కడ చూశాడో జ్ఞాపకం లేదు, బహుశా ఒక రాయి మీద. కందిరీగనూ ప్రేమించగలుగుతాడు. ఇక ఆ రాయి. రాయిని కూడా తీసుకురావాలని ప్రయత్నిస్తాడు. రాదు.

ఈ రాయి దగ్గర నేను ఫోర్‌స్టర్‌తో గొడవ పడతాను, ఇష్టమైన రచయితతోనే పడే గొడవ. మరబార్ గుహలు దేనికీ చెందవని, ఏ మతమూ వాటిని అంటుకోలేదని, బోధి చెట్టు వైపు వెళ్తూ బుద్ధుడు కూడా తప్పుకుపోయాడని నవల చెబుతుంది. అసలు బరాబర్ గుహలు ఖాళీ రాళ్లు కావు. అశోకుడు తొలిపించి, ఆజీవకులనే సన్యాసులకు ఇచ్చినవి. మఖ్ఖలి గోశాలుడి శిష్యులు వాళ్లు. అన్నీ నియతి ప్రకారమే జరుగుతాయి, మనిషి ప్రయత్నంతో మారేది ఏమీ లేదని వాదించారు. బౌద్ధులూ జైనులూ వాళ్లను తిట్టిన తిట్లలోంచే ఆ వాదం ఇప్పుడు మనకు తెలుస్తోంది, వాళ్ల పుస్తకాలు మిగల్లేదు. మిసెస్ మూర్‌కు గుహ చెప్పిన మాటకు, ఆ గుహలో ఒకప్పుడు వానాకాలాలు గడిపినవాళ్లు చెప్పిన మాటకు దూరం పెద్దగా లేదు. ఒక మనిషి గొంతు కావలసిన చోట నవలలో రాతి శబ్దం మిగిలింది.

బరాబర్‌లో ఒక గుహ గుమ్మం దగ్గర బ్రాహ్మీ లిపిలో అశోకుడివి రెండు పంక్తులున్నాయి: పట్టాభిషేకమైన పన్నెండో ఏట ప్రియదర్శి రాజు ఈ మర్రి గుహను ఆజీవకులకు ఇచ్చాడు. అక్కడి శాసనాల్లో ఆ ఆజీవకులు అన్న మాట మీద ఎవరో, ఎప్పుడో, ఉలితో కొట్టారు. పూర్తిగా పోలేదు. ఇప్పటికీ చదవొచ్చు.